కళింగపట్నం, గోపాల్‌పూర్‌ల మధ్య

బంగాళాఖాతంలో లేచిన తుఫాను మా వైపు తిరిగిన ప్రతిసారీ రేడియోలోనూ పేపర్లలోనూ ఒకటే వాక్యం వచ్చేది: కళింగపట్నం, గోపాల్‌పూర్‌ల మధ్య తీరం దాటవచ్చు. మర్నాడు ‘దాటవచ్చు’ తీసేసి ‘దాటింది’ అనేవారు. నేను పలక పట్టిన రోజుల నుంచి విలేకరిగా జోలె దించేదాకా ఆ వాక్యంలో మారినది ఆ చివరి మాట ఒక్కటే. మేం పుట్టి పెరిగిన ఊళ్లన్నీ అందులో ‘మధ్య’ అనే మాటలో ఉండేవి.

కళింగపట్నం మా శ్రీకాకుళం జిల్లాలోనే, వంశధార సముద్రంలో కలిసేచోట ఉంది. గోపాల్‌పూర్ ఒడిశాలో, బరంపురానికి దగ్గర్లో, కడలి ఒడ్డున. ఒకదాన్నుంచి ఇంకోదానికి తిన్నగా గీత గీస్తే సుమారు 130 కిలోమీటర్లు. సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం మండలాల తీరమంతా ఆ నడుమే. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఏడాది పొడవునా పచ్చగా కనిపించే ఉద్దానం అంతా అక్కడే. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉందని చెబుతారు. అందులో ఎక్కువ భాగానికి తుఫాను వార్తలో సొంత పేరు ఉండేది కాదు.

మాది సోంపేటకు తూర్పున, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న పల్లె. విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. నాకు ఊహ తెలిసేసరికి పంచాయతీ ఆఫీసు అరుగు మీద రేడియో ఉండేది. మామూలు రోజుల్లో దాని దగ్గర పొలం కబుర్లు వినేవాళ్లు ఓ నలుగురు ఉండేవారేమో. ముసురు పట్టిందంటే అరుగు చాలేది కాదు. మత్స్యకారులు వేటకు వెళ్లరాదని చెప్పాక, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారని చెప్పేవారు. మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఆ నంబర్ల సంగతి ఆయనే చెప్పాడు. ఒకటీ రెండూ అయితే గుండం ఎక్కడో దూరాన ఉన్నట్టు. మూడూ నాలుగూ అయితే గాలి రేవు మీదికి రావచ్చు. అయిదు నుంచి ప్రమాదం, ఎనిమిది నుంచి పెద్ద ప్రమాదం. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో అసలు సంబంధాలే తెగిపోయినట్టు. ఆ పదకొండో నంబరు నన్ను చాలా భయపెట్టింది. గాలి ఎంత వేగంతో ఉందో చెప్పే నంబరు కాదది, చెప్పేవాళ్లే లేరని చెప్పే నంబరు.

పేపరు మాకు రైల్లో వచ్చేది. సోంపేట స్టేషను నిజానికి కంచిలిలో ఉంది. విజయవాడలో అచ్చయిన పేపరు అక్కడ దిగి, సైకిలు మీద మా ఊరు చేరేసరికి మధ్యాహ్నం భోజనాలు అయిపోయేవి. 1974 ఆగస్టులో విశాఖపట్నం నుంచి ‘ఈనాడు’ రావడం మొదలయ్యాకే మా వైపు పొద్దుటి పేపరు పొద్దుటే చదవడం అలవాటైంది. తుఫాను రోజుల్లో మాత్రం ఏ పేపరూ వచ్చేది కాదు. పట్టాలు మునిగేవి, చెట్లు రోడ్డుకు అడ్డంగా పడేవి. మూడో రోజో నాలుగో రోజో పాతవీ కొత్తవీ కట్టగట్టి వచ్చేవి. అప్పటికి పైకప్పు సర్దుకుని, తడిసిన ధాన్యం ఆరబోసుకుంటూ, మా మీద పడిన గాలి సంగతి మేమే పేపర్లో వెతుక్కునేవాళ్లం. అక్కడ మళ్లీ ‘మధ్య’.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. అధికారిక లెక్కలోనే పదివేల చావులు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. బళ్లో పాతబట్టలు, బియ్యం, చిల్లర డబ్బులు పోగుచేశాం. మా వైపు ముసలివాళ్లు దివిసీమ పేరు అంతకుముందు విని ఉండరు. వారం తిరిగేసరికి అందరి నోటా అదే మాట. సోషల్ మాస్టారు గోడకు మ్యాపు తగిలించి, కృష్ణ రెండు పాయలుగా చీలేచోటు వేలు పెట్టి చూపించారు. నాగాయలంక, అవనిగడ్డ, కోడూరు అని పేర్లు చదివించారు. ఆ ఊళ్ల పేర్లు నాకు ఈనాటికీ వరసగా వస్తాయి. ఆ మ్యాపులో మా ఊరి చోటు చూపించమని అడిగితే ఆయన కళింగపట్నం మీద ఒక వేలు, గోపాల్‌పూర్ మీద ఒక వేలు పెట్టి, ‘ఈ నడుమ’ అన్నారు. తప్పేమీ చెప్పలేదు.

ఎనభైల నడిమిలో సోంపేటలో ఓ దినపత్రికకు కంట్రిబ్యూటరుగా చేరాను. జీతం అంటూ ఉండేది కాదు. అచ్చయిన వార్తలు కత్తిరించి కాగితానికి అంటించి పంపితే, స్కేలు పెట్టి కొలిచి సెంటీమీటరుకు ఇంతని కట్టి ఇచ్చేవారు. వార్త కాగితానికి ఒకవైపే రాయాలి, పక్కన మార్జిను వదలాలి. కవర్లో పెట్టి, పైన పత్రిక పేరు పెద్దక్షరాలతో రాసి, సాయంత్రం బస్సు కండక్టరుకి అప్పగించాలి. మరీ అర్జెంటు అయితే టెలిగ్రాం, కాకపోతే ట్రంకు కాల్. గాలి కొంచెం గట్టిగా వీస్తే ముందు తెగేవి తీగలే. తర్వాత ఆగేవి బస్సులు. మేం కళ్లతో చూసిన వార్త పత్రికాఫీసు చేరడానికి దారి ఉండేది కాదు. అదే సమయానికి డెస్కులో టెలిప్రింటరు మాత్రం టకటకమని కొట్టుకుంటూనే ఉండేది. అందులో వాతావరణ కేంద్రం బులెటిన్ వచ్చేది. మొదటి రోజు పేపరు నిండా ఆ బులెటినే. ‘మధ్య’ అన్న మాట అన్నేళ్లు కుదురుగా నిలవడానికి కారణం నాకు అప్పుడు తెలిసింది. ఎవరి నిర్లక్ష్యమూ కాదు. ఆ రాత్రి మాట్లాడగలిగిన నోరు అదొక్కటే.

బులెటిన్‌లో ఆ రెండు పేర్లే ఎందుకుండేవో కూడా ఆ ఉద్యోగంలోనే అర్థమైంది. రెండూ పాత రేవులు, రెండు చోట్లా వాతావరణ పరిశీలన కేంద్రాలున్నాయి. పాదరసం ఎంత పడిందో, గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తోందో గంటగంటకీ రాసుకునే మనిషి అక్కడ ఉంటాడు. సముద్రంలో గుండం ఎక్కడుందో చెప్పాలంటే ఒడ్డున ఏదో ఒక గుర్తు కావాలి. కొలిచే చోటే ఆ గుర్తయింది. కొలిచే పరికరం లేని ఊరికి పేరు కూడా లేకపోయింది. బారువలో కూడా ఒకప్పుడు ఓడలు ఆగేవి, ఇప్పటికీ దీపస్తంభం ఉంది. ఆ ఊరి పేరు మాత్రం ఎప్పుడో గానీ బులెటిన్‌కి ఎక్కేది కాదు.

ఆ బారువలోనే ఓసారి, గాలి వెలిసిన మూడో నాడు, ఒడ్డున ఎండుచేపలు ఏరుకుంటున్న ఓ పెద్దావిడ దగ్గర కూర్చున్నాను. ఇసక, చేప, తడిసిన తాటికమ్మల వాసన. నా చేతిలో పేపరు చూసి చదవమంది.

“కళింగపట్నం, గోపాల్‌పూర్ మధ్యన తీరం దాటిందట అమ్మా” అన్నాను.

“మజ్జినంటే ఎక్కడ బాబూ?”

“ఇక్కడే. మనమే.”

“మరి మనకి పేరు నేదేటి?” అని చేపలు తిరగేసింది. కాసేపాగి, “దాటిందంటే ఎల్లిపోనాదనా? మా ఇంటి కమ్మలట్టుకు పోనాది. ఎల్లిపోవడమేటి, మా ఇంట్లోకొచ్చీసింది గదా” అంది.

ఆవిడ అడిగిన రెండో ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. వాతావరణ శాస్త్రం లెక్కలో తుఫాను కేంద్రం, అంటే ఆ సుడి నడిబొడ్డు, నీటి మీంచి నేల మీదికి వచ్చిన క్షణమే తీరం దాటడం. అది కచ్చితమైన మాట, అవసరమైన మాట. మన వాడుకలో మాత్రం దాటడం అంటే గట్టెక్కడం. ఏరు దాటాం, గండం దాటింది, మూడో నెల దాటింది. హైదరాబాదులోనో గుంటూరులోనో పేపరు తెరిచినవాళ్లు ‘దాటింది’ అని చదివి హమ్మయ్య అనుకుంటారు. ఆ మాట అచ్చయ్యే వేళకి మా వైపు తోటలు నేలమట్టమవుతూ ఉంటాయి. తుఫాను నేలెక్కాకే కదా ఊళ్ల మీద నడిచేది. కేంద్రం పోయిన దారిలో ఉన్నవాళ్లకైతే గాలి కాసేపు ఠక్కున ఆగుతుంది. అయిపోయిందనుకుని బయటికి వస్తే రెండోవైపు నుంచి మళ్లీ కొడుతుంది. మొదటిసారికి ఒరిగిన చెట్టు ఈసారికి పడుతుంది. మా పెద్దవాళ్లు పిల్లల్ని ఆ విరామంలో గడప దాటనిచ్చేవారు కాదు.

డెస్కులో ఓ పెద్దాయనతో ఈ మాట అన్నాను. ‘అది వాతావరణ కేంద్రం మాట. మనం ముట్టుకోకూడదు. తాకింది అని ఒకడు, కొట్టింది అని ఒకడు రాస్తే రేపు చదివేవాడికి ఏది ఎప్పుడు జరిగిందో తెలీదు’ అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఆ వాక్యం జోలికి పోవద్దు, దాని కింద ఊళ్ల పేర్లు వేయండి చాలు అన్నాను. తెస్తే వేస్తానన్నారు. తెచ్చినప్పుడల్లా వేశారు కూడా. అందుకోసం బస్సులు తిరగని రోజుల్లో సైకిలు మీద, సైకిలు పోని చోట నడిచి, ఊరి పేరు, పడిన ఇళ్లు, పోయిన పశువులు రాసుకొచ్చేవాణ్ణి. కొలిచి ఇచ్చే డబ్బులకి ఆ వార్తలు గిట్టేవి కావు. అయినా నేను రాసినవాటిలో దాచుకున్నవి అవే.

1999 అక్టోబరు 17 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర ఒక తుఫాను నేలెక్కింది. గంజాం జిల్లా అల్లాడిపోయింది. మా ఇచ్ఛాపురం వైపూ దాని దెబ్బ తగిలింది. ఆ తుఫాను మీద రాసిన కాగితాలు ఇంకా ఆరకముందే, 29న పారాదీప్ దగ్గర మహా తుఫాను వచ్చిపడింది. వేలమంది పోయారు. దేశం కళ్లన్నీ అటు తిరిగాయి, తిరగాల్సిందే. మొదటి తుఫాను మాత్రం ఆ హోరులో అందరి మనసుల్లోంచీ జారిపోయింది.

గోపాల్‌పూర్ పేరు వినగానే అది ఒడిశా గొడవ అని మన పత్రికలు తలచడం మామూలు. కానీ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గోపాల్‌పూర్, ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని ఒకే గంజాం జిల్లా. ఆనాడు సరిహద్దు పడ్డాక ఇవతలి తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. గాలికి ఆ గీత తెలీదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర నేలెక్కినప్పుడు అవతల లక్షలమందిని ముందే తరలించి ప్రాణాలు కాపాడారు. అది గొప్ప పని. ఇవతల ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటల్లో మనుషులు బతికారు, కొబ్బరి పడింది. టీవీల్లో రెండు రోజులూ గోపాల్‌పూర్ బీచే.

సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. విమానాశ్రయం పైకప్పు, కైలాసగిరి మీద ఆకు మిగలని చెట్లు దేశమంతా చూసింది. విజయనగరం జిల్లాకున్న తీరం 28 కిలోమీటర్లే. భోగాపురం, పూసపాటిరేగ మండలాలతో సరి. అది విశాఖపట్నం, కళింగపట్నంల ‘మధ్య’. వారం తర్వాత ఓ మిత్రుడితో కలిసి ముక్కాం, చింతపల్లి వెళ్లాను. పడవలు ఇసకలో బోర్లాపడి ఉన్నాయి. వలలు మొగలి పొదల్లో చిక్కుకుని ఉంటే ఆడవాళ్లు కత్తిపీటలతో ముళ్లు కోసి విడదీస్తున్నారు. ‘ఇశాపట్నం నుంచొచ్చేరా బాబూ?’ అని అడిగారు. సిక్కోలు నుంచి అంటే ఆశ్చర్యపోయారు.

తిత్లీ తుఫాను నాటికి నేను పత్రిక పని మానేశాను. 2018 అక్టోబరు 10, శరన్నవరాత్రుల మొదటి రోజు. కాశీబుగ్గలో చెల్లెలి ఇంట్లో ఉన్నాను. పొద్దున్నుంచీ ఫోన్లలో, టీవీల్లో గోపాల్‌పూర్, కళింగపట్నంల మధ్య అనే చెబుతున్నారు. సాయంత్రం ఉక్కపోత, ఆకు కదల్లేదు. రాత్రి పదింటికి చినుకులు. పన్నెండు దాటాక కరెంటు పోయింది. రెండింటికి గాలి మొదలైంది. దాన్ని ఈల అనీ హోరు అనీ రాస్తుంటారు. నేను విన్నది అది కాదు. ఏదో బరువైన వస్తువును కప్పు మీంచి ఈడ్చుకుపోతున్నట్టుంది, ఆ ఈడ్పు ఆగదు. తలుపు గడియ వేసినా ఊగుతుంటే బావ, నేను బియ్యం బస్తా జరిపి అడ్డం పెట్టాం. పెరట్లో కొబ్బరికాయలు గోడకు తగిలి పగులుతున్నాయి. చెల్లెలు కలశం ముందు దీపానికి చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది. నాలుగున్నర, అయిదున్నర మధ్య అది వజ్రపుకొత్తూరు దగ్గర నేలెక్కింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఒక్కో విసురు 165 దాకా అని తర్వాత చెప్పారు. ఆ బులెటిన్‌లో ‘పలాస సమీపంలో’ అని ఉంది. మా వైపు ఊరి పేరు తుఫాను బులెటిన్‌లో ఆ చోట కనిపించడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. సెల్ టవర్లు పడిపోయాయి కనుక ఆ సంగతి నాకు తెలిసింది రెండు రోజుల తర్వాత.

తెల్లారి వజ్రపుకొత్తూరు రోడ్డు పట్టాను. కొంతదూరం బండి, తర్వాత నడక. కుర్రాళ్లు గొడ్డళ్లు, రంపాలు పట్టుకుని పడిన చెట్లు కోస్తూ దారి చేస్తున్నారు. జీడిచెట్లు వేళ్లతో సహా లేచి, వేరుకు పట్టిన ఎర్రమట్టి మనిషెత్తు గోడలా నిలబడి ఉంది. కొబ్బరి పడినవి పడ్డాయి, నిలిచినవీ ఉన్నాయి. ఓ తోట యజమాని నన్ను నిలిచిన చెట్టు దగ్గరికి తీసుకెళ్లి పైకి చూడమన్నాడు. మట్టలన్నీ ఒక్కవైపుకి మెలితిరిగి, నడిమిన ఉండాల్సిన మొవ్వు విరిగి వేలాడుతోంది.

“ఇది నిలబడ్డాదనుకుంతన్నారా బాబూ? సచ్చిపోనాది. నెల రోజుల్లో మట్టలు రాల్చీసి మొండిదైపోద్ది. లెక్కకొచ్చినోళ్లు పడిపోయినవే రాసుకుంతారేమో” అన్నాడు.

కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. తండ్రి నాటిన తోట కొడుకు అనుభవించే పంట అది. ఆ మాట నేను ఓ కుర్ర విలేకరికి ఫోను చేసి చెప్పాలనుకుంటే సిగ్నలు లేదు. కాగితం మీద రాసి, శ్రీకాకుళం వెళ్తున్న కరెంటోళ్ల జీపులో ఇచ్చి పంపాను. పాత రోజుల్లో కండక్టరుకి ఇచ్చినట్టే కవరు మీద పత్రిక పేరు పెద్దక్షరాలతో రాశాను. అది చేరింది. నిలబడి చచ్చిన చెట్ల సంగతి మూడో నాడు అచ్చయింది.

ఊళ్లలో కరెంటు లేక మోటార్లు ఆడక తాగే నీళ్లకి కటకటైంది. జనరేటరు అద్దెకి తెచ్చి ఇంటింటికీ ఇంత డబ్బు వేసుకుని ట్యాంకు నింపుకున్నారు. ఈలోగా ‘దాటిన’ తుఫాను ఒడిశా కొండల మీద, గజపతి జిల్లాలో, కుండపోతగా కురిసింది. ఆ నీళ్లు వంశధారలోంచి, మహేంద్రతనయలోంచి మళ్లీ మా మీదికే దిగాయి. గాలికి పైకప్పు పోయినవాళ్ల ఇంట్లోకి వరద వచ్చింది. బారువ దగ్గర మహేంద్రతనయ ఎర్రగా సముద్రంలోకి పోతుంటే గట్టు మీద నిలబడి చూశాను. పక్కనే తలమీద చెయ్యి పెట్టుకుని ఒకాయన, ‘ఎల్లిపోనాదన్నారు గదా’ అన్నాడు. నాకు బారువ పెద్దావిడ గుర్తొచ్చింది. అప్పటికి ఆవిడ లేదు.

ఆ తర్వాతి రోజుల్లో పత్రికల జిల్లా పేజీలు మండలాల వారీగా, ఊళ్ల వారీగా రాశాయి. ఏ ఊరికి రోడ్డు లేదు, ఏ ఊరికి బియ్యం అందలేదు అని పేర్లతో వేశాయి. చాలామంది కుర్ర విలేకరులు సొంత ఇళ్లు కూలినా ఆ వార్తలు మోసుకొచ్చారు. వాళ్లను చూస్తే నాకు గర్వంగా ఉంది. పేరు పడిన ఊరికి మర్నాడు ట్యాంకరు వెళ్లడం నేను కళ్లారా చూశాను.

2021 సెప్టెంబరు 26న గులాబ్ వచ్చింది. మళ్లీ పొద్దున్నే ‘కళింగపట్నం, గోపాల్‌పూర్‌ల మధ్య’. రాత్రికి కళింగపట్నానికి ఉత్తరంగా 20 కిలోమీటర్ల దూరంలో నేలెక్కిందన్నారు. ఉత్తరంగా 20 కిలోమీటర్లంటే అక్కడ సముద్రం ఒడ్డున ఊళ్లున్నాయి, వాటిలో మనుషులున్నారు. కొత్తగా డెస్కులో చేరిన ఓ అమ్మాయి, నా పాత మిత్రుడి కూతురు, ఫోను చేసింది. “మావయ్యా, ఆ నడుమ ఏమేం ఊళ్లుంటాయి? మ్యాపులో అన్నీ దొరకట్లేదు” అంది. రాసుకోమ్మా అన్నాను. గుప్పెడుపేట, భావనపాడు, మంచినీళ్లపేట, నువ్వలరేవు, బారువ, కపాసుకుద్ది, డొంకూరు. మంచినీళ్లపేటకి ‘పేట’ ఉందా ‘పల్లి’ ఉందా అని మళ్లీ అడిగి రాసుకుంది.